విమ్‌లో జె నొక్కితే లైన్లు కలిసిపోతుంటే

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో కర్సర్ కిందికి దింపుదామని జె నొక్కితే కింది లైను వచ్చి పై లైనుకు అతుక్కుంటోందని, కె నొక్కితే ఏదో మాన్యువల్ పేజీ తెరుచుకుంటోందని రాశారు. టెన్షన్ పడకండి, మీ క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉంది, అంతే.

విమ్‌లో చిన్న జె (j) వేరు, పెద్ద జె (J) వేరు. చిన్నది కర్సర్‌ను ఒక లైను దింపుతుంది, పెద్దది రెండు లైన్లను కలిపేస్తుంది. పెద్ద కె అయితే కర్సర్ కింద ఉన్న పదానికి మాన్యువల్ వెతుకుతుంది. ఆ పేజీలోంచి బయటికి రావాలంటే క్యూ నొక్కండి.

ఇప్పుడు క్యాప్స్ లాక్ తీసేసి, ఎస్కేప్ నొక్కి, చిన్న యు కొడుతూ పోండి. మార్పులు ఒక్కొక్కటిగా వెనక్కి పోతాయి. మరీ వెనక్కి వెళ్లిపోతే కంట్రోల్ ఆర్. సర్వర్ కాన్ఫిగ్ ఫైలు అన్నారు కాబట్టి నేనైతే అసలు రిస్క్ తీసుకోను: కోలన్, చిన్న క్యూ, ఆశ్చర్యార్థకం వరసగా కొట్టి ఎంటర్ నొక్కితే సేవ్ చేయకుండానే బయటపడతారు. మధ్యలో సేవ్ చేయకపోయి ఉంటే పాత ఫైలు చెక్కుచెదరదు.

యారో కీలు ఉండగా కర్సర్ కదపడానికి హెచ్, జె, కె, ఎల్ ఎందుకని కూడా అడిగారు. 1976లో బిల్ జాయ్ విమ్‌కు ముందుతరం ఎడిటర్ అయిన వీఐ రాసినప్పుడు వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు విడిగా యారో కీలు లేవు. బాణం గుర్తులు ఆ నాలుగు అక్షరాల మీదే ఉండేవి. మీరు కొన్నాళ్లు యారో కీలే వాడుకోండి, తప్పేం లేదు.

నేర్చుకోవడానికి మాత్రం టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ (vimtutor) అని కొట్టండి. అరగంట పాఠం. అది పాఠం ఫైలు కాపీ మీదే నడుస్తుంది కాబట్టి ఏం నొక్కినా భయం లేదు.