అల్లుడూ, బైనాక్యులర్లు కొనే ముందు ఇది చదువు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

లైసెన్సు చేతికొచ్చిందని, తుపాకీ కూడా కుదిరిందని, ఈ సీజనుకే వేటకు వెళ్తున్నానని రాశావు. సంతోషం. కానీ చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశావే, "బైనాక్యులర్లదేముంది మామయ్యా, 20 రెట్లు చూపించేవి తక్కువలోనే దొరుకుతున్నాయి, ఒకటి తీసుకుంటాను" అని, అది చదివాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను. తుపాకీ భుజానికెత్తేది రోజుకు ఒకసారి. చాలా రోజులు అదీ ఉండదు. బైనాక్యులర్లు మాత్రం పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా కళ్ల దగ్గరే ఉంటాయి.

నేనూ మొదట అలాంటిదే కొన్నాను. జూమ్‌ది. చిన్న మీట జరిపితే కొండ దగ్గరికొచ్చేస్తోందని మురిసిపోయాను. చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుందని అడవికెళ్లాకే తెలిసింది. ఎదుటి వాలు మీద జింక కనిపిస్తే, కదులుతున్నది అదో నా చెయ్యో అర్థమయ్యేది కాదు. రెట్లు పెంచేకొద్దీ బొమ్మ చీకటైపోయేది. సాయంత్రానికి తలనొప్పి. మీ అత్తయ్య దాన్ని అటకెక్కించింది, ఇప్పటికీ అక్కడే ఉంది. చేత్తో పట్టుకుని చూసేవాడికి 10 రెట్లు దాటితే స్టాండు కావాల్సిందే. జూమ్ ఉన్నవాటి జోలికి అసలు పోకు.

ఇప్పుడు అసలు లెక్క చెప్తాను, శ్రద్ధగా విను. బైనాక్యులర్ల మీద 8×42 అని రాసి ఉంటుంది. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో అది. 42 ముందున్న పెద్ద లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది. నీ కంటి దగ్గరికి వచ్చే వెలుగు బిళ్ల వెడల్పు అదే. 10×42కి 4.2. జేబులో పట్టే 10×25కి 2.5. మిట్టమధ్యాహ్నం మన కంటిపాప 2, 3 మిల్లీమీటర్లకు ముడుచుకుపోతుంది కాబట్టి మూడూ ఒకేలా కనిపిస్తాయి. కొట్లో ట్యూబులైటు కింద చూసి మోసపోయేది అందుకే. మునిమాపు వేళ నీలాంటి కుర్రాడి కంటిపాప 7 దాకా విప్పారుతుంది, నా వయసువాడిది 5 దాటడమే గొప్ప. జింకలు పొదల్లోంచి ఎక్కువగా బయటికొచ్చేది కూడా ఆ వేళలోనే, లేదంటే తెల్లవారుజామున. ఆ అరగంటలో చిన్నదానిలోంచి చూస్తే నల్లటి ముద్ద, 8×42లోంచి చూస్తే చెవి, మెడ, కొమ్ము. నువ్వు డబ్బు పెట్టేది ఆ అరగంట కోసమేరా.

చెట్లు దట్టంగా ఉండే చోటికైతే కళ్లు మూసుకుని 8×42 తీసుకో. బయలు నేలలో, దూరపు కొండవాలులు వెతకాల్సిన చోట 10×42కి అర్థముంది. 50, 56 మిల్లీమీటర్లవి ఇంకా వెలుగు తెస్తాయి కానీ బరువు. 42వే ముప్పావు కిలో దాకా తూగుతాయి. చూపు ఎంత వెడల్పున అందుతుందో కూడా చూసుకో. వేయి మీటర్ల దూరాన ఒక్కో డిగ్రీకి దాదాపు 17.5 మీటర్లు కనిపిస్తాయి. అంటే 8 డిగ్రీలదానిలో 140 మీటర్లు, ఆరున్నర డిగ్రీలదానిలో 114. పరిగెత్తే జంతువును మళ్లీ పట్టుకోవాలంటే ఈ తేడా చాలా ఎక్కువ.

ఒకే 8×42 ఒకచోట అగ్గువగా, ఇంకోచోట పదింతలు ఎందుకు ఉంటుందని అడుగుతావు. తేడా చాలావరకు గాజు మీద వేసే పూతల్లో ఉంది. పూత లేని గాజు, వెలుగు లోపలికి పోయేటప్పుడు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతాన్ని వెనక్కి కొట్టేస్తుంది. ఒక గొట్టంలో అలాంటి ముఖాలు పది ఉన్నాయనుకో, మూడో వంతు వెలుగు దారిలోనే పోయినట్టు. 1935లో జైస్ కంపెనీలో స్మకుల అనే ఆయన దీన్ని తగ్గించే పూత కనిపెట్టాడు. ఇప్పుడు పెట్టె మీద "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని ఉండాలి, అంటే గాజు ముఖాలన్నిటికీ పొరలు పొరలుగా పూత వేశారని. ఒట్టి "కోటెడ్" అంటే ఏదో ఒక ముఖానికి ఒక పూత రాశారనే అనుకో. ముందు లెన్స్ ఎర్రగా కెంపులా మెరిసేవి కొన్ని ఉంటాయి, చూడ్డానికి భలే ఉంటాయి కానీ వాటిలోంచి లోకం ఆకుపచ్చగా, పాలిపోయి కనిపిస్తుంది.

గొట్టాలు తిన్నగా, సన్నగా ఉండేవి రూఫ్ ప్రిజం రకం. ప్రిజం అంటే తలకిందులైన బొమ్మను లోపల నిటారుగా తిప్పే గాజు దిమ్మ. వాటిలో "ఫేజ్ కోటింగ్" ఉందో లేదో తప్పకుండా అడుగు. 1988లో జైస్ వాళ్లు తెచ్చిన పూత ఇది, లేకపోతే బొమ్మ అంచులు మెత్తబడిపోతాయి. ప్రిజంకు "డైఎలెక్ట్రిక్" పూత, అంటే వెలుగును దాదాపు పోనివ్వకుండా అద్దంలా తిప్పికొట్టేది, కూడా ఉంటే మరీ మంచిది. నికాన్ మోనార్క్ ఎం5, వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ లాంటి మధ్యరకం వాటిలో ఈ రెండూ ఉన్నాయి, అక్కణ్నించి వెతకడం మొదలుపెట్టు. బాగా ఖరీదైన స్వరోవ్‌స్కీ, లైకా కంపెనీలవి ఒకసారి కళ్లకు పెట్టుకుని చూడు, తప్పులేదు, కానీ మధ్యరకం నుంచి అక్కడికి చేరడానికి పోసే డబ్బంతా ఆఖరి కాస్త మెరుగు కోసం. నీ బడ్జెట్ మరీ బిగుతైతే, గొట్టాలు మెలికపడి వెడల్పుగా ఉండే పాతకాలపు పోరో రకం చూడు. ఫేజ్ కోటింగ్ గొడవ దానికి లేదు, అదే డబ్బుకు బొమ్మ బాగుంటుంది. మోయడానికే కొంచెం ఇబ్బంది.

వాటర్‌ప్రూఫ్ విషయంలో బేరం వద్దు. లోపల నైట్రోజనో ఆర్గానో నింపి ఉండాలి. నా రెండో జతలో అది లేదు. రాత్రంతా వాన కురిసి, తెల్లారి చలిలో తీసి చూస్తే లోపలివైపు మంచు పట్టింది. బయట తుడిస్తే పోయేది కాదుగా! ఎండ ఎక్కేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నీకు కళ్లజోడుంది కాబట్టి ఇంకో మాట. "ఐ రిలీఫ్", అంటే బొమ్మ మొత్తం కనిపించేలా కంటికీ కంటి దగ్గరి లెన్స్‌కీ మధ్య ఉండగలిగే ఎడం, 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 17 ఉంటే హాయి. జోడు పెట్టుకున్నప్పుడు కంటి దగ్గరి కప్పులు కిందికి తిప్పేసుకో.

కొనేచోట పొద్దు వాలే వేళకు వెళ్లి, బయటికి తెచ్చుకుని చూస్తానని అడుగు. ఆకాశం ముందు ఎండుకొమ్మ ఒకటి చూడు, అంచున ఊదా గీత బాగా కనిపిస్తే పక్కన పెట్టెయ్. చేతులు చాచి పట్టుకుని వెనకనుంచి చూస్తే వెలుగు బిళ్లలు గుండ్రంగా ఉండాలి, పక్కలు కోసినట్టు ఉండకూడదు. తర్వాత కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్ చెయ్, ఆపైన ఎడమకన్ను మూసి కుడివైపు రింగుతో సరిచెయ్. ఐదు నిమిషాలు తదేకంగా చూడు. కళ్లు లాగుతున్నా, బొమ్మ రెండుగా చీలినట్టున్నా గొట్టాలు వరసలో లేవన్నమాట, ఎంత పేరున్నదైనా తిరిగి ఇచ్చెయ్.

డబ్బు మిగిల్చాలని తుపాకీ స్కోపుతోనే వెతికేద్దామనుకునేవు సుమా! అటు కదిలింది మనిషైతే, తుపాకీ గొట్టం మనిషి మీదకే తిరిగి ఉంటుంది. ఏమిటో తేల్చుకునే పని బైనాక్యులర్లదే.

మెడకు వేలాడే తాడు కాకుండా భుజాల మీదుగా వేసుకునే పట్టీ కొనుక్కో. కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి చూడు. మొత్తం జింక కోసం వెతక్కు, నిలువు చెట్ల మధ్య అడ్డంగా కనిపించే వీపు గీత కోసం వెతుకు.

నా 8×42 ఈ వారమే పంపుతున్నాను. నువ్వు చూసిపెట్టుకున్న దాని పక్కన పెట్టి, సందెవేళ ఒకే పొదను రెండింటిలోంచీ చూడు. నీది చీకటిగా ఉంటే కొనకు. నాది మాత్రం సీజను మొదలయ్యేలోపు తిరిగి పంపెయ్, నాకు వేరేది లేదు.

ఇట్లు,
మామయ్య