పొలుసుల పురుగుకి పేరు పెట్టేముందు

చి. శ్రావణికి ఆశీస్సులు.

సముద్రగర్భపు వేడి ఊటల దగ్గర దొరికే పొలుసుల పురుగుని కొత్త జాతిగా ఎలా వర్ణించాలని అడిగావు. సగం పని ఓడ మీదే తేలిపోతుంది, అక్కణ్ణుంచే చెబుతాను.

ఆర్ఓవీ (ఓడ మీంచి నడిపే నీటిలోపలి రోబో) సక్షన్ గొట్టంలోంచి పైకొచ్చేసరికే ఇవి పొలుసులు రాల్చేస్తాయి. అన్నిటినీ ఒకే బకెట్లో పోశావో, ఏ పొలుసు దేనిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో, చల్లటి సముద్రపు నీళ్లలో పెట్టు. ఆల్కహాల్లో రంగు నిలవదు కాబట్టి బతికుండగానే వీపువైపు, పొట్టవైపు ఫోటోలు తియ్యి. మెగ్నీషియం క్లోరైడ్‌తో మత్తిచ్చాక, నడిమి ఖండాల నుంచి ఒకట్రెండు పార్శ్వపాదాలు (ఖండాల పక్కన ఉండే పాదాల్లాంటివి) కోసి 95 శాతం ఆల్కహాల్లో వెయ్యి. అవి డీఎన్ఏకి. మిగతా ఒళ్లు ఫార్మలిన్లోకి: బజారు ఫార్మలిన్ ఒక వంతు, సముద్రపు నీరు తొమ్మిది వంతులు. ఒకట్రెండు రోజులయ్యాక కడిగి 70–80 శాతం ఆల్కహాల్లోకి మార్చు. ఫార్మలిన్ డీఎన్ఏని పాడుచేస్తుంది, ఈ వరస తిరగబడితే డీఎన్ఏ సీక్వెన్సు మీద ఆశ వదులుకోవాల్సిందే.

పొలుసులు రాలినా లెక్క దొరుకుతుంది. పొలుసున్న ఖండం మీద బొడిపె మిగులుతుంది, లేనిదాని మీద మీసంలాంటి సిర్రస్ ఉంటుంది. 2, 4, 5, 7, ఆపైన బేసి ఖండాలు చూసుకో. వేడి ఊటల దగ్గరి బ్రాంకినోటోగ్లుమా ప్రజాతిలో సాధారణంగా పది జతల పొలుసులు వస్తాయి. తొమ్మిదే వచ్చాయంటే ముందు నీ లెక్కనే అనుమానించు. తలదగ్గర మొదటి ఖండం చాలా చిన్నది, లెక్క తప్పేది అక్కడే.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఈ ప్రజాతిలో ఆడా మగా ఒకేలా ఉండవు. 12వ ఖండం దగ్గర పొట్టవైపు పాపిల్లాల (చిన్న మొటిమల్లాంటి బొడిపెల) సంఖ్య, తోక ఖండాల ఆకారం మారిపోతాయి. పాత జాతి మగదాన్ని కొత్త జాతి అనుకోవడం చాలా తేలిక. అందుకే ఒక్క నమూనాతో తొందరపడకు. జాతుల్ని పోల్చే సీఓఐ జన్యువు చూడు; దాన్ని చదవడానికి మామూలుగా వాడే ఫోల్మర్ ప్రైమర్లు ఈ పురుగుల వర్గమైన పాలీకీట్లలో తరచూ మొండికేస్తాయి, అందుకే 16ఎస్ అనే మరో జన్యువు కూడా చేయించు. పొలుసుల పురుగుల నిపుణురాలు పెట్టిబోన్ 1980ల్లో వర్ణించిన వేడి ఊటల జాతుల టైపు నమూనాలు (పేరుకి ఆధారమైన అసలు నమూనాలు) చాలావరకు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడి ఫోటోలు తెప్పించుకోకుండా ‘భిన్నంగా ఉంది’ అని రాయకు.

కోత, స్లైడులు పారాటైపుల (కొత్త జాతికి తోడుగా చూపే మిగతా నమూనాల) మీదే. హోలోటైపుని, అంటే పేరుకి ఆధారమైన ఒకే ఒక్క నమూనాని, వీలైనంతవరకు ముట్టుకోకు. ఎప్పుడూ ఒకే పక్క కొయ్యి, ఖండం నంబరు లేబుల్ మీద పెన్సిల్‌తో రాయి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది.

పత్రంలో ‘కొత్త జాతి’ అని స్పష్టంగా ఉండాలి, హోలోటైపునీ అది ఉండే మ్యూజియాన్నీ పేర్కొనాలి. ఆన్‌లైన్లోనే వచ్చే పత్రికైతే జూబ్యాంక్ (జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టిక) నమోదు ముందే చేయించి పత్రంలో చూపించు. లేకపోతే ఆ పేరు చెల్లదు.

పార్శ్వపాదాల బొమ్మలు గీశాక పంపు, శూకాలు (వాటి మీది ముళ్లలాంటి వెంట్రుకలు) సరిచూస్తాను.

మీ మాస్టారు