గ్రనాడాలో తిండి: మాంసం వద్దంటే చాలదు, హామోన్ కూడా వద్దనాలి

స్పెయిన్‌లోని గ్రనాడా యూనివర్సిటీలో సీటు వచ్చిన పిల్లలు, వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ అమ్మలు నన్ను అడిగేది ఒకటే: అక్కడ తిండి ఎలా అండీ, శాకాహారం దొరుకుతుందా, ఖర్చెంత? నేనిక్కడికి వచ్చి పదమూడేళ్ళయింది, కాబట్టి వివరంగానే చెప్తాను.

ఖర్చు గురించి టెన్షన్ వద్దు. స్పెయిన్‌లో చాలా ఊళ్ళల్లో తాపా, అంటే చిన్న ప్లేటు తిండి, డబ్బులిచ్చి కొనుక్కోవాలి. గ్రనాడాలో మాత్రం ఏదైనా తాగడానికి చెప్తే దాంతోపాటు తాపా ఊరికే వస్తుంది. బీరే తాగాలనేం లేదు, మోస్తో అనే ద్రాక్షరసం చెప్పినా, కోలా చెప్పినా ఇస్తారు. కాఫీకి మాత్రం రాదు. రెండో గ్లాసు చెప్తే ఇంకో రకం తాపా వస్తుంది, మూడో గ్లాసుకి కడుపు నిండుతుంది, చాలాచోట్ల బిల్లు పది యూరోలు దాటదు.

చిక్కు ఎక్కడంటే, ఏ తాపా ఇవ్వాలో ఎక్కువగా వాళ్ళే చూసుకుంటారు. నేను వచ్చిన కొత్తలో ఒక బార్‌లో కార్నే, అంటే మాంసం, వద్దని చెప్పి కూర్చున్నాను. పచ్చటి చిక్కుడు గింజల ప్లేటు వచ్చింది, సంతోషంగా స్పూన్ పెడితే అడుగున ఎర్రటి ముక్కలు. అడిగితే, ఇది కార్నే కాదు, హామోన్ అన్నారు. మోసం చేయలేదు వాళ్ళు, ఉప్పులో ఊరబెట్టిన ఆ పంది తొడ వాళ్ళ లెక్కలో మాంసం కిందకి రాదు, అంతే. సలాడ్‌లో వేసే ట్యూనా చేప సంగతీ ఇదే.

అందుకని ఈ మాట బట్టీ పట్టండి: సోయ్ బెహెతారియానో (అమ్మాయిలు బెహెతారియానా అనాలి), సిన్ కార్నే, సిన్ హామోన్, సిన్ పెస్కాదో, సిన్ అతూన్. మొదటి మాటకి నేను శాకాహారిని అని అర్థం, సిన్ అంటే లేకుండా, పెస్కాదో అంటే చేప, అతూన్ అంటే ట్యూనా. గుడ్డు కూడా తినకపోతే సిన్ వేవో కలపండి. ఇదంతా తాగడానికి ఆర్డర్ చెప్పేటప్పుడే చెప్పాలి, ప్లేటు వచ్చాక చెప్తే లాభం లేదు. లెంతేహస్ అనే పప్పు కూర చూసి మన పప్పే కదా అని ఆశపడకండి, అందులో చోరీసో అనే పంది సాసేజ్ ముక్కలు చాలాసార్లు ఉంటాయి. మాంసం తిన్నా బీఫ్ తినని వాళ్ళు తెర్నేరా అనే మాట గుర్తుపెట్టుకోండి, ఉండల కూర అల్బోందిగస్‌లో కూడా అది కలుస్తుంది. తోర్తియా అంటే బంగాళాదుంప ఆమ్లెట్, బాగుంటుంది, కానీ పేరు చివర సాక్రోమోంతే అని ఉంటే అందులో మెదడు వేస్తారు.

ఇక నాకిష్టమైన సంగతి, వంకాయ. బెరెన్‌హేనస్ కోన్ మియెల్ అంటే వంకాయని పల్చగా తరిగి, పిండి అద్ది, కరకరలాడేలా నూనెలో వేయించి పైన పాకం పోస్తారు. మియెల్ అంటే తేనె, కానీ ఇది తేనె కాదు, చెరుకు రసం కాచిన నల్లటి పాకం. మాది అనకాపల్లి వైపు, మొదటి ముక్క నోట్లో పెట్టగానే బెల్లం వండే పెనం దగ్గర నిలబడ్డట్టే అనిపించింది. వంకాయా చెరుకూ రెండూ అరబ్బుల కాలంలో ఈ నేలకి వచ్చినవే. ఇక్కడి తీరంలో మోత్రిల్ చుట్టూ వందల ఏళ్ళు చెరుకు పండించారు, చివరి చక్కెర మిల్లు 2006లో మూతపడింది. పాకం మాత్రం పక్క జిల్లా మాలగాలోని ఫ్రిహిలియానా అనే ఊళ్ళో ఇప్పటికీ కాస్తున్నారు. ఎండాకాలం అయితే దీంతోపాటు అహోబ్లాంకో తాగండి, బాదం, వెల్లుల్లి, రొట్టె కలిపి రుబ్బిన చల్లటి సూప్.

చేపలు తినేవాళ్ళు కాయే నవాస్ వీధికి వెళ్ళండి, వేపుళ్ళు అక్కడ బాగుంటాయి, కాకపోతే నిలబడి తినాలి. కూర్చుని తినాలంటే రియలేహో పేటలో కాంపో దెల్ ప్రిన్సిపే అనే చౌరస్తా నాకు నచ్చుతుంది. అమ్మానాన్నలు చూడ్డానికి వస్తే, అల్హంబ్రా కోట చూపించి గోమేరెస్ వాలు దిగి ప్లాసా నుయేవా అనే చౌరస్తాకి రండి, అక్కడే మొదట కనిపించిన టేబుల్ దగ్గర కూర్చోకుండా కొంచెం నడిస్తే కాల్దెరెరియా నుయేవా వీధి వస్తుంది. మొరాకో వాళ్ళ టీ కొట్లు, పుదీనా టీ, కూరగాయలతో కుస్‌కుస్ అనే గోధుమ రవ్వ వంటకం. మద్యం పోయని చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్ళకి ఇబ్బంది ఉండదు.

వేళలు మాత్రం మనవి కావు. మధ్యాహ్నం భోజనం రెండు నుంచి నాలుగు, తర్వాత ఎనిమిది దాటేదాకా చాలా వంటిళ్ళు మూసేస్తారు. ఆదివారం దిగుతుంటే సూపర్ మార్కెట్లు కూడా చాలావరకు ఉండవు, ఆ రోజుకి పులిహోర కట్టించుకుని రండి.