15×70 (15 రెట్లు పెద్దగా చూపే, 70 మి.మీ. ముందు కటకాల) బైనాక్యులర్స్‌లో నక్షత్రాలు రెండేసి కనిపిస్తున్నాయి, ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కానీ వారంటీ ఉంటే ముందు వెనక్కి పంపేయండి. నైట్రోజన్ నింపి సీల్ చేసిన రకమైతే కూడా ముట్టుకోవద్దు. నాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 15×70, ఎక్కడో దెబ్బ తగిలి లోపలి ప్రిజమ్ (కాంతిని మలిపే గాజు దిమ్మ) జరిగింది, చంద్రుణ్ణి చూస్తే పక్కపక్కన ఇద్దరు, కాసేపటికే కళ్లు లాగేసేవి.

ముందు స్టాండ్‌కి గట్టిగా బిగించండి, చేత్తో పట్టుకుని అయ్యే పని కాదిది. ధ్రువ నక్షత్రానికి గురి పెట్టండి. మిగతావాటిలా జరిగిపోదు, పైగా మన దగ్గర బాగా కిందనే ఉంటుంది (హైదరాబాద్‌లో దాదాపు 17 డిగ్రీల ఎత్తు), మెడ నొప్పి ఉండదు. పగలే చేసేద్దామని ఎదురింటి వాటర్ ట్యాంకు మీద మాత్రం పెట్టకండి, అంత దగ్గరి వస్తువైతే రెండు గొట్టాలూ సరిగ్గా సమాంతరంగా ఉన్నా తేడా చూపిస్తుంది.

ఇప్పుడు కుడి ఐపీస్ (కన్ను పెట్టి చూసే వైపు కటకం) తిప్పి ఆ వైపు నక్షత్రాన్ని మసక బిళ్ళలా చేయండి, ఎడమవైపు చుక్కలాగే ఉంచండి. రెండు కళ్లతో చూస్తే చుక్క బిళ్ళ మధ్యలో ఉండాలి. రెండు వైపులా ఫోకస్‌లో పెట్టి చూస్తే కళ్లు ఎలాగోలా రెంటినీ కలిపేసుకుంటాయి, తప్పు దొరకదు, తలనొప్పి మాత్రం మిగులుతుంది. చుక్క పైకో కిందకో ఉంటే ముందు అది సరిచేయండి, ఎందుకంటే ఒక కన్ను పైకి, ఇంకోటి కిందకి మనం తిప్పలేం. పక్కకి కొంచెం తేడా ఉన్నా సర్దుకుంటాం, అదీ కళ్లు ముక్కు వైపు తిరగాల్సి వస్తేనే.

ప్రిజమ్‌లు ఉండే లావు భాగం దగ్గర రబ్బరు అంచు మెల్లగా లేపితే చాలా మోడళ్లలో ప్రిజమ్‌ని కొద్దిగా వంచే చిన్న స్క్రూలు కనిపిస్తాయి. వాచీ రిపేరు స్క్రూడ్రైవర్ సరిపోతుంది. పావు చుట్టు కూడా ఎక్కువే, అందులో సగం తిప్పి, చుక్క ఎటు జరిగిందో చూడండి. మామూలుగా ఏటవాలుగా పోతుంది, అందుకే ఒక్క స్క్రూతో తేలదు, ఇటొకటి అటొకటి తిప్పుతూ మధ్యలోకి తెచ్చుకోవాలి. బిగుసుకుంటే ఆపేసి రెండో గొట్టం స్క్రూ పట్టుకోండి, బలవంతం చేస్తే ప్రిజమ్ అంచు పెచ్చు లేస్తుంది.

అంతా అయ్యాక వేరేవాళ్ల కళ్ల మధ్య దూరానికి తగ్గట్టు గొట్టాల్ని దగ్గరికో దూరానికో మడిస్తే మళ్లీ కొంచెం చెదరొచ్చు. నాది నాకు బ్రహ్మాండంగా ఉంది, మా అబ్బాయి చూస్తే రెండు కనిపిస్తున్నాయంటాడు. ఏ దూరానికైనా కుదరాలంటే రెండు గొట్టాలూ మధ్య కీలు ఇరుసుకి కూడా సమాంతరం కావాలి, అది పరికరాలున్న వర్క్‌షాప్ పని. మీరొక్కరే వాడేదైతే దాని జోలికి పోనక్కర్లేదు.