మా వైపు ఊళ్ళకు ‘కండ్రిగ’ అని పేరెందుకు?

ఈ ప్రశ్న అడిగినాయన గూడూరు నుంచి తిరుపతికి కారులో వస్తా, దారి పొడుగునా ‘కండ్రిగ’ అనే బోర్డులు చూసినాడంట. అది ఇంటిపేరా, కులమా, గ్రామదేవతా అని అడిగినాడు. మూడూ కాదు. నేను పుట్టి పెరిగింది ఏర్పేడు మండలంలో అట్లాంటి ఒక కండ్రిగలోనే. డెబ్బై ఇళ్ళు, ఒక రామాలయం, ఒక కుంట. ఊరి పేరు చెప్పను, చెప్పినా ఎవురికీ తెలీదు.

కండ్రిగ అంటే ముక్క. ఖండం అన్న మాటలోంచే వచ్చింది, నిఘంటువుల్లో ‘ఖండ్రిక’ అని ఉంటుంది. పెద్ద ఊరి పొలంలో కొంత భాగం విడగొట్టి ఎవరికో ఇనాంగానో, తక్కువ శిస్తుకో ఇస్తే, అక్కడ నాలుగిండ్లు లేచి ఊరైతే అది కండ్రిగ. ముందు మనిషి పేరు తగిలించి ఉండేవి చాలా ఉన్నాయి. బుచ్చినాయుడు కండ్రిగ ఏకంగా మండల కేంద్రమే అయింది. గూడూరు దగ్గరి పుట్టంరాజు కండ్రిగను 2014లో సచిన్ టెండూల్కర్ దత్తత తీసుకున్నాక ఆ పేరు దేశమంతా తెలిసింది. మమ్మల్ని ఎవరూ తీసుకోలేదు లెండి.

పేరు సంగతి ఇంతే. కానీ ముక్కగా పుట్టిన ఊరికి ముక్క బతుకే వస్తుందని మా కుంటను చూస్తే తెలుస్తుంది. మేము ఏ ఊరి నుంచి విడిపోయినామో ఆ ఊరికి పెద్ద చెరువుంది, రెండు తూములున్నాయి. అది నిండి మొరవ పోతేనే, అంటే మిగులు నీళ్ళు కట్ట పక్క దారిన పొర్లితేనే, అవి వంకలో పడి మా కుంటకు వస్తాయి. మాకు నైరుతి వానలు సగం సగమే, అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్లతో వచ్చేది. ఆ మూడు నెలల్లో పై చెరువు మొరవ పోకుంటే మా కయ్యల్లో, అంటే వరి మళ్ళల్లో, నాట్లు లేవు, చెనక్కాయలు వేసుకోవాల్సిందే. పైఊరోళ్ళు రాత్రిపూట మొరవకు మట్టి బస్తాలు అడ్డం వేసేది, తెల్లారేలోపు మావాళ్ళు పోయి లాగేసేది. మా జేజినాయన చిన్నప్పటి నుంచి ఇదే తగాదా. పెండ్లి సంబంధాలు మటుకు ఇచ్చిపుచ్చుకుంటానే ఉన్నారు.

స్వర్ణముఖి మాకు రెండు కిలోమీటర్లు. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసక యేరు, నీళ్ళు పైన కనిపించవు. అయినా చెలమ తోడితే మూరెడు లోతులో ఊట ఉండేది. యేటి ఒడ్డున ఊళ్ళు ఎప్పటి నుంచో ఉండటానికి అదే కారణం అనుకుంటా. మా పక్కనే గుడిమల్లం ఉంది. అక్కడి శివలింగం క్రీస్తుపూర్వం నాటిదని పండితులు చెప్తారు. దాని ముందు మా కండ్రిగ నిన్నగాక మొన్నటి పిల్లకాయ. పాపానాయుడుపేటలో గాజుపూసలు చేసే పని కూడా పాతదే, చిన్నప్పుడు ఆ కొలిమిల దగ్గర నిలబడి చూసేవాళ్ళం. ఇప్పుడు చెలమ తోడితే ఊట లేదు. ఇసకంతా లారీలెక్కింది, బోర్లు వెయ్యి అడుగులకు దిగినాయి.

ఊరి చరిత్ర తెలుసుకోవాలంటే శాసనాల కోసం వెతకక్కర్లేదు, కయ్యల పేర్లు అడగండి. మా ఊళ్ళో ‘పూజారి మాన్యం’, ‘మంగలి మాన్యం’, ‘నీరుగంటి కయ్య’ అని ఇప్పటికీ అంటారు. ఊరికి చేసే పనికి కూలిగా భూమి ఇచ్చిన కాలం అది. తూము తీసి మూసే నీరుగంటికీ ఒక కయ్య ఉండేది. 1956లో ఇట్లాంటి ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఆనక పట్టాలు మారినాయి, మనుషులు మారినారు. మంగలి మాన్యంలో ఇప్పుడు మామిడి తోట వేసిన ఆయనకు ఆ పేరెందుకో కూడా తెలీదు. భూముల లెక్క రాసే అడంగల్లో సర్వే నంబరు తప్ప ఇంకేమీ ఉండదు కదా.

జిల్లాలంటారా, మేము కదల్లేదు, అవే కదిలినాయి. 1911కు ముందు ఉత్తర ఆర్కాటు, తర్వాత చిత్తూరు, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి.

2021 నవంబరు వానలు మాత్రం చెప్పాలి. స్వర్ణముఖి పొర్లింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడి కింది పల్లెలు ఖాళీ చేయించినారు. ఆ వార్త టీవీలో చూస్తా ఉండగానే మా కుంటకట్ట ఒకచోట కుంగింది. రాత్రి పదింటికి పైఊరి నుంచి రెండు ట్రాక్టర్ల నిండా ఇసక బస్తాలు, ముప్పైమంది మొగోళ్ళు వచ్చినారు. మొరవకు అడ్డం వేసిన బస్తాలే అవి అని మా నాయన ఇప్పటికీ అంటాడు. ప్రేమతో వచ్చినారనుకునేరు. పొలం విడదీసినప్పుడు వాళ్ళ కయ్యలు ఏడెనిమిది మా కుంట కిందే మిగిలిపోయినాయి, కట్ట తెగితే ముందు మునిగేది అవే. ఎట్లైతేనేం, కట్ట నిలబడింది. మళ్ళీ ఏడు మొరవ దగ్గర బస్తాలూ లేచినాయి.

ఇప్పుడు ఏర్పేడంటే ఐఐటీ, ఐసర్ అనే సైన్సు చదువుల సంస్థ అని చెప్పుకుంటారు. మా దారిలోనూ చేలను ముక్కలు చేసి రాళ్ళు నాటి ప్లాట్లు అమ్ముతున్నారు. మీరు ఈసారి వస్తే డిసెంబరు మొదటి వారంలో రండి. పాపానాయుడుపేట రోడ్డు మీద ఎక్కడ ఆగినా మొరవ సప్పుడు వినపడుతుంది, వాన పడిన ఏడైతే.