కొత్తగా సంఘం చేపట్టిన పాస్టరుకు ఒక ఉత్తరం

నాయనా,

ప్రభువు నామంలో నీకూ అమ్మాయికీ వందనాలు. నీ ఉత్తరం అందింది. వాక్యం చెబుతుంటే కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారని రాశావు. ఆరాధన అయ్యాక ఒకాయన వచ్చి "ఇదే వాక్యం యూట్యూబ్‌లో ఫలానా అయ్యగారు ఇంకా బాగా చెప్పారండీ" అన్నాడనీ రాశావు. మనసు కష్టపెట్టుకోకు. ఆయన అన్నది నిజమే అయ్యుంటుంది. పెద్ద స్టేజీలూ కెమెరాలూ ఉన్నవాళ్లతో మనం పోటీ పడలేం, పడనక్కర్లేదు కూడా. కానీ మీ పల్లెలో నిన్న ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆ అయ్యగారికి తెలియదు. నీకు తెలియాలి.

నాకు అది తెలియక ఏం జరిగిందో చెబుతాను. మొదటి సంఘానికి వెళ్లి నెల కూడా కాలేదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం తీసి, విశ్వాసంతో ప్రార్థిస్తే రోగి లేచి తీరతాడని, లేవలేదంటే మన విశ్వాసంలోనే లోపం ఉందని గొంతు చించుకుని చెప్పాను. ఆడవాళ్ల వైపు చివరి చాప మీద ఉన్న ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. చూశాను. చూసి ఇంకా గట్టిగా చెప్పాను.

ఆమె ఏడేళ్ల కొడుకు రెండు నెలల కింద జ్వరంతో పోయాడని మధ్యాహ్నం సంఘపెద్ద చెప్పాడు. సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో నులకమంచం వాల్చింది. నీళ్లిచ్చింది. దండెం మీద పిల్లాడి చొక్కా ఇంకా అలాగే ఉంది. చాలాసేపటికి, "మూడు రాత్రులు మోకాళ్ల మీదే ఉన్నానండీ అయ్యగారూ. ఇంకెంత విశ్వాసం కావాల్సిందండీ?" అంది. జవాబు చెప్పలేకపోయాను. క్షమించమని అడిగాను. తర్వాతి ఆదివారం సంఘమంతటి ముందూ నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. నలభై ఏళ్లయినా ఆ చొక్కా నా కళ్ల ముందు నుంచి పోలేదు.

అందుకే చెబుతున్నా, వాక్యభాగం ఎంచుకునే ముందు ఇళ్లకు వెళ్లు. వారానికి ఎనిమిదో పదో ఇళ్లు చాలు. పగలు ఎవరూ దొరకరు, పొద్దుగూకాక వెళ్లు. పొగాకు రోజుల్లో, ఆకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకుంటూ ఉంటారు, వెళ్లి వాళ్ల పక్కన కూర్చో. పంటకు ఎంత అప్పు చేశారో, ఏ పిల్లకు సంబంధం తప్పిపోయిందో అక్కడ మాట్లాడతారు, గుళ్లో మాట్లాడరు. వాళ్లతో ఆ మంట దగ్గర ఏ తెలుగు మాట్లాడతావో, ఆదివారం కూడా అదే మాట్లాడు. మైకు ముందుకు రాగానే "నేటి దినమున మనము ధ్యానించుకొనబోవు" అని గొంతు మార్చకు. బైబిలులో గ్రాంథికం ఎలాగూ ఉంది, దాన్ని విప్పి చెప్పడానికే కదా నువ్వున్నది.

మన ఒంగోలు వైపు 1878 జూలై 3 గురించి చెప్పుకుంటూనే ఉంటారు. గుండ్లకమ్మలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె చెప్పేవాళ్లు దాని వెనకది చెప్పరు. అంతకుముందు కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని అడిగినా ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఇంకా వెనక్కి వెళితే, 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరూ కాలినడకన తిరుగుతూ, వెళ్లిన ప్రతి పల్లెలో తన వాళ్లతో కూర్చుని ప్రభువు సంగతి చెప్పాడు. మన సంఘాలు ఆయన నడిచిన దారుల్లో పుట్టినవి. ఈమధ్య కొందరు బాప్తిస్మాల లెక్క ఫొటోలతో సహా వాట్సాప్‌లో పెడుతున్నారు. నువ్వు ఆ పని చేయొద్దు.

ఒక సంగతి మాత్రం మైకులో ఎత్తకు, అది కుల సర్టిఫికెట్ సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనవాళ్లకు ఇవ్వలేదు. అందుకే బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. పిల్ల కాలేజీ సీటు దాని మీద ఆధారపడిన తల్లిని అందరి ముందూ "ద్విమనస్కురాలు" అంటే ఆమె మళ్లీ గుడి మెట్టెక్కదు. ఆ భారం వాళ్లు ఎలా మోస్తున్నారో ఇంటికెళ్లి విను. నీ అభిప్రాయం అడిగితేనే చెప్పు.

కానుకలు నువ్వు లెక్కపెట్టకు. ఇద్దరు పెద్దలు అందరి ముందూ లెక్కపెట్టి పుస్తకంలో రాసి సంతకం చేయాలి. పాస్టరమ్మకు జీతం లేదు కాబట్టి ఆమెతో చాకిరీ చేయించుకునే హక్కు ఎవరికీ లేదని పెద్దలకు మొదట్లోనే చెప్పు.

చెరువు కింద మంచం పట్టిన మామ్మను ఇంకా చూడలేదని రాశావు. ఈ మంగళవారం వెళ్లు. నేనున్నప్పుడే ఆమెకు ఎడమ చెవి వినపడేది కాదు. కుడివైపు కూర్చో. కీర్తన పాడితే పెదవులు కదుపుతుంది, అందుకని నిదానంగా పాడు.

ప్రార్థనలో నిన్ను తలుచుకుంటూ,
మీ పెద్దాయన