మైనర్ లీగ్ బేస్‌బాల్ కుర్రాడు మేజర్స్‌కి (పై లీగ్‌కి) వెళ్తాడా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. వేసవిలో పిల్లలతో ఇక్కడి మైనర్ లీగ్ జట్టు రఫ్‌రైడర్స్ మ్యాచ్‌లకు వెళ్తుంటాం. అక్కడ .310 సగటుతో (వెయ్యి ప్రయత్నాల్లో 310 హిట్లు) కొడుతున్న బ్యాటర్ రేపు మేజర్స్ జట్టు రేంజర్స్‌కి ఆడతాడని గట్టిగా చెప్పొచ్చా?

జవాబు: సగటు ఒక్కటే చూసి చెప్పలేమండీ. ముందు అతని వయసెంతో చూడండి. మైనర్స్‌లో పూర్తి సీజన్ ఆడే జట్లకు కింది నుంచి పైకి సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అని నాలుగు మెట్లు. మీ ఫ్రిస్కోది మూడో మెట్టు. అక్కడ ఆడేవాళ్లలో ఎక్కువమంది 23, 24 ఏళ్లవాళ్లు. 20 ఏళ్ల కుర్రాడు వాళ్ల మధ్య .260 కొట్టినా, 26 ఏళ్లవాడి .310 కంటే దానికే విలువెక్కువ. చిన్నవాడు ఇంకా ఎదుగుతాడు. పెద్దవాడు ఆ స్థాయి పిచింగ్‌ను (బంతి విసిరే తీరును) ఏళ్ల తరబడి చూసి అలవాటు పడి ఉంటాడు.

తర్వాత స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుటవడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేసి ఉచితంగా మొదటి బేస్‌కు చేరడం). ప్లేట్ దగ్గరికి 400 సార్లు వచ్చినవాడు 80 సార్లు స్ట్రైకౌటై, 40 వాక్‌లు తీసుకుంటే 20 శాతం, 10 శాతం. బాగున్నట్టే. స్ట్రైకౌట్లు 30 శాతం దాటితే మాత్రం సగటు ఎంతున్నా అనుమానించాల్సిందే. పై మెట్టు పిచర్లు ఆ లోపాన్ని ఇట్టే పట్టేసి పదేపదే అక్కడే వేస్తారు. చాలామంది ఈ లెక్కను ఏట్-బ్యాట్స్‌తో భాగిస్తారు. అందులో వాక్‌లు కలవవు కాబట్టి శాతం తప్పుతుంది. ప్లేట్ అప్పియరెన్స్‌లతో, అంటే బ్యాటింగ్‌కు వచ్చిన మొత్తం సార్లతో భాగించండి.

అదృష్టం పాలెంతో కూడా తేల్చుకోవాలి. హిట్లలోంచి హోమర్లు (హోమ్‌రన్‌లు) తీసేయండి. ఏట్-బ్యాట్స్‌లోంచి స్ట్రైకౌట్లు, హోమర్లు తీసేసి, శాక్రిఫైస్ ఫ్లైలు (తాను క్యాచ్ అవుటైనా సహచరుడికి పరుగు తెచ్చిన బంతులు) కలపండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మామూలుగా .300 చుట్టుపక్కల వస్తుంది. మీవాడిది .390 ఉందా? ఫీల్డర్ల మధ్య సందుల్లోంచి బంతులు ఎక్కువే జారిపోయాయన్నమాట. వచ్చే ఏడాది ఆ .310 దిగుతుంది. బాగా పరిగెత్తేవాళ్లకు మాత్రం ఈ అంకె కాస్త ఎక్కువే ఉంటుంది.

మైదానం సంగతీ మరవద్దు. అదే లీగ్‌లోని అమరిల్లో నగరం సముద్రమట్టానికి దాదాపు 3,600 అడుగుల ఎత్తున ఉంది. పలచటి గాలిలో బంతి దూరం పోతుంది. అక్కడి బ్యాటర్ల అంకెలు సొంత మైదానంవీ, బయటివీ విడదీసి చూడకపోతే మోసపోతాం.

ప్రశ్న: స్కౌట్లు (జట్ల కోసం ఆటగాళ్లను పరిశీలించేవాళ్లు) 55, 60 అంటూ మార్కులు వేస్తారు. అవి నూటికేనా?

జవాబు: కాదు. ఆ కొలత 20 నుంచి 80 దాకా. మేజర్ లీగ్ సగటు ఆటగాడిది 50. అంటే 45 వచ్చినవాడు ‘ఫెయిల్’ కాదు, మేజర్స్ సగటుకు కాస్త దిగువన ఉన్నాడంతే. బ్యాటింగ్, బలం, పరుగు, ఫీల్డింగ్, త్రో దేనికదే మార్కు.

వీటిలో పరుగును మీరూ కొలవచ్చు. ఫోన్‌లో స్టాప్‌వాచ్‌ను బంతి బ్యాట్‌కు తగిలిన క్షణాన నొక్కి, కాలు మొదటి బేస్‌ను తాకగానే ఆపండి. కుడిచేతి బ్యాటర్‌కు 4.3 సెకన్లు సుమారు 50. ఎడమచేతి వాడు బేస్‌కు ఓ అడుగు దగ్గర నిలబడతాడు కాబట్టి అతనికి 4.2. బంట్ (బ్యాట్ అడ్డం పెట్టి బంతిని మెల్లగా తాకించడం) కొట్టినప్పటి టైమ్ పనికిరాదు, అప్పటికే పరుగు మొదలెట్టేసి ఉంటాడు. తేలిక క్యాచ్ లేచినప్పుడు ఎవరూ గట్టిగా పరిగెత్తరు, అదీ వదిలేయండి.

ప్రశ్న: హోమర్లు దంచేవాడు ఎప్పటికైనా పైకొస్తాడు కదా?

జవాబు: బ్రాండన్ వుడ్‌ను చూడండి. 2005లో ఏంజెల్స్ హై-ఎ జట్టు రాంచో కుకమోంగాకు 43 హోమర్లు కొట్టాడు. స్ట్రైకౌట్లు వందకు పైనే, కానీ హోమర్ల మోతలో అవి ఎవరికీ పట్టలేదు. మేజర్స్‌లో అతని సగటు చివరికి .186. మరోవైపు మూకీ బెట్స్ 2012లో రెడ్ సాక్స్ మైనర్ జట్టు లోవెల్‌కు 71 మ్యాచ్‌లాడి ఒక్క హోమరూ కొట్టలేదు. అయితే స్ట్రైకౌట్ల కంటే వాక్‌లే ఎక్కువ. కండ తర్వాత వచ్చింది, 2018లో అమెరికన్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. బలం పెరగడం తరచూ చూస్తాం. చెడ్డ బంతిని వదిలే కన్ను లేనివాడికి ఆ కన్ను ఆలస్యంగా రావడం అరుదు.

ప్రశ్న: మన దేశం నుంచి వెళ్లిన బేస్‌బాల్ పిచర్లు రింకూ సింగ్ (క్రికెటర్ కాదు), దినేశ్ పటేల్ ఎందుకు పైకి రాలేదు?

జవాబు: వేగంగా బంతి విసిరేవాళ్లను వెతికిన 2008 టీవీ పోటీ ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ దాకా ఇద్దరికీ బేస్‌బాల్ తెలియదు, జావెలిన్ విసిరేవాళ్లు; ఆ పోటీ తర్వాతే మేజర్స్ జట్టు పైరేట్స్‌తో సంతకం చేశారు. డొమినికన్ పిల్లలు పదేళ్లకే నేర్చే పట్టును ఇరవైకి అటూఇటుగా మొదలుపెట్టారు. ఎడమచేతి రింకూ సింగిల్-ఎ దాకా వెళ్లాడు, తర్వాత గాయాలు ఆపేశాయి. మా దృష్టిలో అక్కడిదాకా వెళ్లడమే ఎక్కువ.

ప్రశ్న: గంటకు 98 మైళ్ల వేగంతో వేసే పిచర్‌ను కూడా ‘రిలీవర్ (మధ్యలో వచ్చి కొద్దిసేపే వేసేవాడు) అవుతాడు’ అని తీసిపారేస్తారెందుకు?

జవాబు: మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, అంటే స్టార్టర్, ఒకే బ్యాటర్‌ను మ్యాచ్‌లో రెండు మూడుసార్లు ఎదుర్కోవాలి. రెండే రకాల బంతులుంటే మూడోసారికి బ్యాటర్‌కు అంతా తెలిసిపోతుంది. పైగా కుడిచేతి పిచర్ స్లైడర్ (పక్కకు వంగే బంతి) ఎడమచేతి బ్యాటర్ వైపే తిరుగుతుంది, కొట్టడం తేలిక. అందుకే ఆ బ్యాటర్ నుంచి దూరంగా జారే ఛేంజప్ (వేగంగా వస్తుందనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) కావాలి. అది లేక, వాక్‌లు 12 శాతం దాటుతుంటే ఒక్క ఇన్నింగ్స్ మనిషే. మైదానంలో వేగం చూపే బోర్డు ఉంటే మొదటి ఇన్నింగ్స్ అంకెలూ, ఐదో ఇన్నింగ్స్ అంకెలూ రాసుకోండి. మూడు మైళ్లు పడిపోతోందా? బేస్‌ల మీద మనుషులున్నప్పుడు బంతి గురి తప్పుతోందా? ఒక్కరోజు చూసి తేల్చేయొద్దు, ఎండకో అలసటకో వేగం తగ్గి ఉండొచ్చు. వరసగా మూడు మ్యాచ్‌ల్లో అదే కనిపిస్తే స్కౌట్ మాటే నిజం.